ఆంగ్ల షష్ఠీ చిహ్నంగా అపాస్ట్రఫీ: చారిత్రక పరిణామం

1. ఉపోద్ఘాతం

తెలుగులో షష్ఠీ సంబంధాన్ని ‘యొక్క’ వంటి ప్రత్యయమో, ‘ఇల్లు – ఇంటి’ వంటి ఔపవిభక్తిక రూపమో తెలుపుతుంది. రెండూ చెవికి వినిపించేవే. ఆంగ్లంలో ‘బాయ్’ శబ్దానికి బహువచనం, ఏకవచన షష్ఠి, బహువచన షష్ఠి – మూడూ ఒకేలా పలుకుతాయి. రాతలో వాటిని వేరుచేసేది అపాస్ట్రఫీ ఒక్కటే. దాని స్థానం తప్పితే నేడు వ్యాకరణ దోషంగా లెక్కిస్తారు. అయితే ఈ నియమం భాషతో పాటు పుట్టినది కాదు; ముద్రణ యుగంలో క్రమంగా ఏర్పడినది.

2. ప్రత్యయం నుండి చిహ్నానికి

ప్రాచీనాంగ్లంలో నామవాచకాలకు విభక్తి ప్రత్యయాలుండేవి. ‘స్తాన్’ (రాయి) షష్ఠిలో ‘స్తానెస్’ అయ్యేది. మధ్యాంగ్ల కాలంలో తక్కిన ప్రత్యయాలు చాలావరకు నశించగా, ఇది ఇతర నామవాచకాలకూ వ్యాపించింది. తరువాత చాలా పదాల్లో ఇందులోని అచ్చు ఉచ్చారణలో లోపించింది. 16వ శతాబ్దంలో ఫ్రెంచి ముద్రణ సంప్రదాయ ప్రభావంతో ఆంగ్లంలోకి వచ్చిన అపాస్ట్రఫీ మొదట అక్షరలోపాన్ని సూచించే గుర్తు మాత్రమే. 1598లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకం ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ ముఖపత్రంపై శీర్షికలో ఆ గుర్తు లేదు. నేటి ముద్రణల్లో రెండు కనిపిస్తాయి.

3. ‘హిజ్’ వాదం

షష్ఠీ ప్రత్యయం ‘హిజ్’ (అతని) అనే సర్వనామానికి సంక్షిప్త రూపమన్న భావన ఒకప్పుడు ప్రబలంగా ఉండేది. బెన్ జాన్సన్ నాటకం 1605లో ‘సెజేనస్ హిజ్ ఫాల్’ అనే పేరుతోనే వెలువడింది. 1711లో జోసెఫ్ ఆడిసన్ ‘స్పెక్టేటర్’ పత్రికలో ఈ వాదాన్నే సమర్థించాడు. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువుకు చేర్చిన వ్యాకరణంలో దీనిని ఖండించాడు. స్త్రీవాచకాలకూ ఇదే ప్రత్యయం చేరుతున్నప్పుడు అక్కడ ‘అతని’ అనే అర్థం పొసగదన్నది ఆయన తర్కం.

4. నియమ స్థిరీకరణ

ఏకవచన షష్ఠిలో అపాస్ట్రఫీ వాడుక 17వ శతాబ్దాంతానికి బలపడింది. బహువచనంలో ‘ఎస్’ తరువాత దానిని ఉంచే పద్ధతి 18వ శతాబ్దపు చివరి దశలో గాని కుదురుకోలేదు. నేడు అపాస్ట్రఫీ లేకుండా రాయవలసిన ‘ఇట్స్’ (దాని) అనే సర్వనామాన్ని 17, 18 శతాబ్దాల్లో అపాస్ట్రఫీతో రాయడం సాధారణం. 1890లో ఏర్పడిన అమెరికా భౌగోళిక నామాల మండలి స్థలనామాల్లో షష్ఠీ అపాస్ట్రఫీని సాధారణంగా అంగీకరించదు. ‘పైక్స్ పీక్’ అనే పర్వతనామం అందుకు ఉదాహరణ.

5. ముగింపు

లోపించిన అక్షరానికి గుర్తుగా వచ్చిన చిహ్నం చివరకు విభక్తికి గుర్తయింది. నేడు విద్యార్థి చేసే ‘తప్పు’ల్లో కొన్ని ఒకనాటి ప్రామాణిక రచయితల వాడుకలే. నియమాన్ని బోధించవలసిందే; దానితోపాటు దాని వయస్సునూ బోధిస్తే, దోషానికీ అజ్ఞానానికీ గల భేదం అధ్యాపకునికి స్పష్టమవుతుంది.