మన్యపు దండలలో రాణీ రూపాయలు

టంకశాలలో ఎన్ని నాణెములు పుట్టినను, కొలిమి నోట పడక తప్పించుకొన్నవే సేకర్తలకు మిగులును. 1933 ఏప్రిలులో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టు ప్రజల బంగారమును ప్రభుత్వమునకు అప్పగింపుమని ఆజ్ఞాపించినపుడు, సేకర్తల యొద్దనున్న అరుదైన నాణెములను మాత్రము మినహాయించెను. ఇరువది డాలర్ల బంగారు నాణెములు పెక్కు కడ్డీలుగా కరగిపోగా, మిగిలినవానికి వెల హెచ్చెను.

ఇట్టి కథయే వెండి రూపమున మన తూర్పు కనుమలలో, పెదబయలు పరిసరముల ఆదివాసి స్త్రీల మెడలలో, జరిగినది. 1835లో కుంపిణీ ప్రభుత్వము దేశమంతటికిని ఒకే రూపాయిని నిర్ణయించి, దాని తూకమును 180 గ్రెయిన్లుగా, అనగా సరిగా ఒక తులముగా, అందు పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండిగా ఏర్పరచెను. మైదానపు వర్తకులు సంతలకు ఉప్పును, బట్టలను తెచ్చి పసుపు, చింతపండు కొనిపోవుచుండ, కొండలకెక్కిన ఆ రూపాయి అటు సొమ్ముగను, ఇటు సొత్తుగను చెల్లెను.

1862 నాటి నాణెముపై విక్టోరియా రాణి కిరీటధారిణియై కనబడును. అటుపిమ్మట 1874 వరకును బొంబాయి టంకశాల ఏటేట తేదీ మార్చక, 1862 అను అంకెలనే నిలిపి, చిన్న చుక్కలచే ముద్రణలను గుర్తించెను. ఆ చుక్కలను భూతద్దముతో లెక్కించుట నేటి సేకర్తలకు పరమానందము. 1877 నుండి రాణి, చక్రవర్తిని యయ్యెను.

రెండవ ప్రపంచయుద్ధము వేళ వెండికి కొరత కలుగగా, 1940లో రూపాయిలోని వెండిని సగమునకు తగ్గించి, మరుసటి సంవత్సరమున విక్టోరియా రూపాయలకు చెలామణి రద్దుచేసిరి. ఖజానాకు చేరినవి కరగెను. దండలలో గ్రుచ్చబడినవి బ్రదికెను.

అయినను, దారమెక్కించుటకై కంసాలి టంకముతో అతికిన చెవి గల నాణెమును సేకర్తలు లోపభూయిష్ఠమని తక్కువ వెలకు అడుగుదురు; కొందరు వర్తకులు ఆ చెవిని అరగదీసి, మచ్చను మెరుగుతో కప్పి అమ్మజూతురు. నాణెమును కొలిమినుండి కాచినది ఆ చెవియే గదా! దానిని తుడిచివేయుట నాణెపు చరిత్రలో సగమును తుడిచివేయుటయే. కావున ఇట్టి రూపాయలను విడివిడిగా తెంపి పెట్టెలలో అమర్చుటకంటె, దండను దండగనే, అది ఏ కొండయూరిదో వ్రాసియుంచి భద్రపరచుట మేలైన సేకరణము.