నర్సీపట్టణసీమ: క్షేత్రములు, ధాన్యములు, చరిత్రము

దేశచరిత్రము వ్రాయువారు శాసనములను, నాణెములను, తాళపత్రములను ప్రమాణములుగా గ్రహింతురు. అది యుచితమే. కాని యవి లభింపనిచోట చరిత్రమే లేదని తలచుట యుచితము గాదు. శిలలు చెక్కింపని జనులును విత్తిరి, కోసిరి, కుడిచిరి. వారు పండించిన ధాన్యము, దానికి వారిడిన పేరు, దానిని క్రొత్తగా దినునాడు వారు చేసికొను పండుగ, ఇవియే వారి శాసనములు. తూర్పుకనుమల పాదమున నున్న నర్సీపట్టణసీమ యిందులకు మంచి నిదర్శనము.

పాణినీయమున నైదవ యధ్యాయపు రెండవ పాదము పొలములతోడనే యారంభమగుచున్నది. ఏ ధాన్యము పుట్టుచోటు నా ధాన్యము పేరనే వ్యవహరించుటకు వలయు ప్రత్యయములను సూత్రకారు డచట విధించెను. కాశికావృత్తిని బట్టి పెసలు పండు చేను మౌద్గీనము, ఆళ్లు పండు చేను కౌద్రవీణము, ఉలవలు పండు చేను కౌలత్థీనము. వ్రీహులు పండునది వ్రైహేయము. శాలిధాన్యము పండునది శాలేయము. యవలు పండునది యవ్యము. అణువను సన్నధాన్యమునకు సైతము అణవ్యము, ఆణవీనము అని రెండు రూపములు సిద్ధించుచున్నవి. ఇందు గమనింపదగిన యంశములు రెండు. వరిచేనికి శాస్త్రమున నెంత చోటు గలదో యాళ్లచేనికి నంత చోటు గలదనుట మొదటిది. క్షేత్రమునకు ధాన్యోత్పత్తియే లక్షణమనుట రెండవది. ఆ చేనికి గట్టున్నదా, నీరు పాఱునా, దానిపై శిస్తు చెల్లునా యను ప్రశ్నలు సూత్రమున లేవు. ధాన్యము పుట్టినచో నది క్షేత్రమే. ఈ లక్షణమును మఱచిన పాలకులకును, మఱవని కృషీవలులకును నడుమ జరిగిన వివాదమే నర్సీపట్టణసీమ చరిత్రమున బెద్ద భాగమని చెప్పవచ్చును.

ముందుగా దేశస్వరూపము తెలియవలయును. ఈ సీమకు దూర్పున సముద్రతీరపు బల్లము, ఉత్తరపశ్చిమములందు గొలుగొండ, చింతపల్లి, గూడెము కొండలు గలవు. నడుమ నెఱ్ఱనేలల మెట్టయు, నచ్చటచ్చట వేఱుపడి నిలిచిన చిన్న గుట్టలును గలవు. వరాహనది, తాండవనది యను రెండేఱులు కొండలలో బుట్టి సముద్రమున గలియుచున్నవి. నర్సీపట్టణమునకు జేరువనున్న బలిఘట్టమువద్ద వరాహనది యుత్తరవాహినియై పాఱుటచే నచటి బ్రహ్మలింగేశ్వరస్వామి క్షేత్రము శివరాత్రియాత్రలకు బ్రసిద్ధమైనది. ఆ నదియే దిగువన నేటికొప్పాకను దాకి పోవుచున్నది. ఇవి గోదావరీ కృష్ణలవంటి మహానదులు గావు. వానకాలమున బొంగి వేసవిని సన్నగిలును. అందుచే దిగువవారికి జెఱువులే ప్రాణాధారములైనవి. తాండవనదిపై జలాశయము గట్టబడుట యిరువదవ శతాబ్దపు టుత్తరార్ధమున జరిగిన మాట.

ఎగువన లంబసింగి ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల యెత్తుననున్నది. నర్సీపట్టణమో కొండక్రిందనే యున్నది. అనగా నొక్కపూట ప్రయాణములో మనుష్యుడు శాలేయమునుండి బయలుదేఱి, మెట్టచేలు దాటి, కొండవాలుమీది సామచేలను జేరగలడు. ఈ మూడంతస్తుల నేలకు నర్సీపట్టణము ద్వారము. పూర్వము గొలుగొండ తాలూకాకు నిదియే ముఖ్యస్థానము. 2022 ఏప్రిల్ 4వ తేదీని విశాఖపట్టణ మండలము విభజింపబడగా నర్సీపట్టణము అనకాపల్లి జిల్లాలోను, చింతపల్లి మొదలగు నెగువప్రాంతములు అల్లూరి సీతారామరాజు జిల్లాలోను జేరినవి. ద్వార మొక జిల్లాలో, నిల్లు వేఱొక జిల్లాలో నిలిచినవి.

ఇక ధాన్యముల సంగతి. పల్లమున వరియు జెఱకును, మెట్టను గంటెలు, చోళ్లు, జొన్నలు, నువ్వులు, కొండవాలులందు సామలు, కొఱ్ఱలు, చోళ్లు, కందులు, మొక్కజొన్నలు, కొండల నడిమి లోయలలో మరల వరి. ఇది స్థూలవిభాగము. ఇతర మండలములవారు రాగి యనునది యిచట చోడి. వారి సజ్జ యిచట గంటె. పాఠ్యపుస్తకములందు రాగియు సజ్జయు మాత్రమే కానవచ్చుటచే నీసీమ బాలురు తమ యింటి యంబలిలోని ధాన్యమునే పుస్తకమున గుఱుతింపజాలకున్నారు. ఇది చిన్న విషయముగా దోచును గాని, తన ధాన్యమునకు పుస్తకమున జోటులేదని గ్రహించిన బాలుడు తన యూరికిని జరిత్రమున జోటులేదని తలచుట సహజము.

ధాన్యముల పుట్టుకను విమర్శించిన వింతయైన విషయము లెఱుకపడును. సామయు నాళ్లును భరతఖండముననే కృషికి వచ్చినవని నేటి వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయము. కొఱ్ఱ మొదట జీనాదేశమున సాగైనది. చోడి, జొన్న, గంటె యను మూడును ఆఫ్రికాఖండమున బుట్టి వేలయేండ్ల క్రిందట నీదేశమునకు వచ్చినవి. మొక్కజొన్న సుమారు 9,000 ఏండ్లకు బూర్వము మెక్సికోదేశమున నొకజాతి యడవిగడ్డినుండి రూపొందినది. పోర్చుగీసువారి రాకపిదప నీ దేశమున వ్యాపించినది.

మొక్కజొన్న యను పేరే దాని రాకను దెలుపుచున్నది. మొక్క యనగా నోషధి యని కొంద ఱర్థము చెప్పుదురు. అది నిలువదు. వ్యావర్తకము గాని విశేషణము వ్యర్థమని శాస్త్రజ్ఞుల సిద్ధాంతము. జొన్నలన్నియు మొక్కలే కదా! తెలంగాణమున దీనిని మక్కజొన్న యందురు. తమిళమున మక్కాచ్చోళము, కన్నడమున మెక్కెజోళము, హిందీలో మక్కా. వీనినన్నిటిని గలిపి చూచిన, పరదేశపు బేరొకటి తెలుగునోట బడి, తెలిసిన మాటయగు మొక్కగా మాఱెనని యూహించుట యుక్తము. క్రొత్తధాన్యమునకు బాతజొన్న పేరు తగిలించి దానిని జనులు బంధువర్గమున జేర్చుకొనిరి. చోడియు నొకనాడిట్లే వచ్చినది కాని, కాలము గడచుటచే దాని పరదేశత్వము మఱపునకు వచ్చినది. సామ యింటిబిడ్డ, చోడి పూర్వపు టతిథి, మొక్కజొన్న నిన్నటి యతిథి. ముగ్గురును నొక్క వాలుననే పెరుగుచున్నారు. కావున ధాన్యమునకు దేశీయత్వము పుట్టుకవలన గాక, పండించువారి వాడుకవలనను, వారు పెట్టిన పేరువలనను గలుగునని తేలుచున్నది.

ఇంత ప్రాచీనములైన ధాన్యములు గ్రంథములందు దఱుచుగా గానరాకుండుటకు గారణము వెదకవలయును. దానశాసనములు సాధారణముగా నీరు పాఱు నేలలను గూర్చినవి. ఎలమంచిలికి జేరువనున్న పంచదార్ల దేవాలయ శాసనములు ఎలమంచి చాళుక్యుల వంశమును దెలుపుచున్నవి. ఆ వంశపు రాజధాని పల్లపుభూములదాపుననే యుండెను. రాజులు, బ్రాహ్మణులు, దేవాలయములు వరిని ననుసరించి వెలసినవి. వరియన్నమునకు మరగిన కవులు మెట్టధాన్యమును బరిహసించుటయు గలదు. పలనాటి జొన్నకూటిని నిందించు చాటువులు శ్రీనాథుని పేర నేటికిని వాడుకలో నున్నవి. ఆ పరిహాసము రసికులకు వినోదమే కాని, దానినే ప్రమాణముగా గొని జొన్నతినువారికి సంస్కృతి లేదనుట యవివేకము.

మన్యమున శిలాశాసనములు లేనిచోట బండుగలు గలవు. కొఱ్ఱలు చేతికి వచ్చిన పిదప గొఱ్ఱకొత్త పండుగ జరిపి, దేవతకు నివేదించిన గాని క్రొత్తధాన్యమును నోట బెట్టరు. మైదానమునను ఫాల్గుణమాసాంతమున వచ్చు కొత్తమావాస్య యీ మండలమున గొప్ప పండుగ. వైదికుల యాగ్రయణేష్టియు నూతనధాన్యమును దేవతల కర్పించుటకే కదా! శ్రౌతకర్మకును గొండవారి కొత్తకును నంతరము మంత్రమున గాని భావమున గాదు.

కొండవారి సేద్యపద్ధతిని బోడు వ్యవసాయమందురు. వేసవికి ముందు వాలుమీది చెట్లను నఱికి, యెండిన పిదప గాల్చి, తొలకరివానతో నా బూడిదలో బలుధాన్యములను గలిపి విత్తుదురు. కొన్నియేండ్లు పండించి, నేల సారము తగ్గగానే విడిచి వేఱొకచోటికి బోవుదురు. విడిచిన వాలు మరల నడవియగును. పలుధాన్యములను గలిపి విత్తుటచే నొకటి చెడినను వేఱొకటి దక్కును. ఇది యజ్ఞానము గాదు, కఱవునకు విరుగుడు. అయితే యీ పద్ధతిని నిర్దోషమని చెప్పరాదు. జనసంఖ్య పెరిగి, విడిచిన వాలునకు విశ్రాంతికాలము తగ్గినచో మన్ను కొట్టుకొనిపోవును, అడవియు దఱుగును. ఈ దోషమును జూచిన ప్రభుత్వమువారు పద్ధతిని దిద్దుటకు మాఱుగా క్షేత్రమే లేదనిరి. అనర్థమంతయు నచటనే కలిగినది.

ఈ యనర్థము క్రమముగా వచ్చినది. ఉత్తరసర్కారులు 1765లో మొగలుచక్రవర్తి ఫర్మానాచే నింగ్లీషు కంపెనీకి సంక్రమించెను. 1802లో శాశ్వతపైసలా జరిగెను. గొలుగొండ జమీందారీయందు మైదానగ్రామములును గొండముఠాలును గలసియుండెను. ముఠాదారు లల్పమగు కట్టుబడి చెల్లించుచు దమ కొండలను దామే పాలించుకొనుచుండిరి. 1836లో వారు తమకు సమ్మతము గాని జమీందారిణిని జంపిరి. 1837లో జమీందారీ బాకీలకై వేలమునకు రాగా బ్రభుత్వమే కొనెను. 1839 నాటి చట్టముచే మన్యము సాధారణ న్యాయస్థానముల యధికారమునుండి తొలగింపబడెను. 1845 మొదలు 1848 వఱకు గొలుగొండ ముఠాదారులు ప్రభుత్వముపై దిరుగబడిరి. 1857–58లో మరల జిన్న కలహము పుట్టెను. 1879లో జీలుగుకల్లు పన్ను మొదలగు కారణములచే రంపలో బుట్టిన పితూరీ గొలుగొండ కొండలకును బ్రాకెను.

ఆ పితూరీ యడగిన కొలదికాలమునకే, 1882లో, మదరాసు అరణ్యచట్టము వచ్చినది. రిజర్వు హద్దులు గీయబడినచోట వాలుమీది చేను చేనుగా నుండక యడవియయ్యెను, విత్తినవాడు నేరస్థుడయ్యెను. సూత్రకారుని లక్షణమున ధాన్యము పుట్టినది క్షేత్రము; చట్టపు లక్షణమున దాఖలాలో నెక్కినది క్షేత్రము. లక్షణము మాఱగానే లక్ష్యమున నున్న మనుష్యుని బ్రతుకు తలక్రిందయ్యెను. తీరమున 1893లో రైలుమార్గము వెలసి బెల్లమునకును ధాన్యమునకును దూరపు సంతలు దొరకినవి. అదేకాలమున గొండపై సామచేనికి హద్దురాళ్లు నాటబడినవి.

1922లో నల్లూరి సీతారామరాజు నాయకత్వమున జరిగిన పోరాటమునకు బోడు నిషేధమును, కూలి సరిగా నీయక గూడెముదారి పనిచేయించుటయు ముఖ్యకారణములు. ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా జింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలు ముట్టడింపబడినవి. సెప్టెంబరు 24వ తేదీని దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటరు అను నధికారులు మడిసిరి. వారి సమాధులు నర్సీపట్టణముననే యున్నవి. 1924 మే 7వ తేదీని రాజు కాల్చివేయబడెను. ఆయన సమాధి కృష్ణదేవిపేటయం దున్నది. ఈ చరిత్రమును వీరగాథగా జదువుట యుచితమే. కాని వీరుని వెంట నడచిన జనులు దేనికై నడచిరో తెలియవలెనన్న, వారి కుండలోని చోడియంబలిని గూడ జదువవలయును.

స్వాతంత్ర్యానంతర కాలమున మాఱుపు లనేకములు. 1956లో గిరిజన సహకారసంస్థ యేర్పడి యటవీఫలములను గొనసాగెను. చింతపల్లి కొండలకు గాఫీతోటలు వచ్చినవి. 1983లో కిలో రెండురూపాయల బియ్యపు పథకము ప్రారంభమైన పిదప వరియన్నము పేదయింటికిని జేరువయ్యెను. ఆకలి తగ్గుట మేలే కాని, చోడియు సామయు వెనుకబడినవి. కోళ్లమేతకు గిరాకి హెచ్చుటచే మొక్కజొన్న యుత్తరాంధ్రమున వ్యాపారపు బంటగా విస్తరించెను. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును జిఱుధాన్యముల సంవత్సరముగా బ్రకటించుటతో, నొకనాడు పరిహసింపబడిన ధాన్యము నగరముల యంగళ్లలో వెలపెరిగి నిలిచినది.

వీనియన్నిటికంటె ముఖ్యమైనది 2006 నాటి యటవీహక్కుల చట్టము. 2005 డిసెంబరు 13వ తేదీకి బూర్వము నుండి యడవినేలను సాగుచేయుచున్న గిరిజనుల హక్కును నది గుఱుతించినది. 1882లో క్షేత్రము గాదన్నదానిని 124 ఏండ్లకు మరల క్షేత్రమని యంగీకరించుట యిది. అమలునందలి కొఱతలు వేఱుగా విచారింపదగినవి. లక్షణము మాత్రము సరియైన చోటికి దిరిగి వచ్చినది.

కాని చట్టము నేలను దిరిగి యీయగలదు, పేరును దిరిగి యీయజాలదు. కొండలలో నొక్కొక్క వాలునకు, నొక్కొక్క విత్తనమునకు, విత్తుటలోని యొక్కొక్క పనికి వేఱువేఱు పేళ్లు గలవు. విత్తనము పోయిన యూర నా పేళ్లు వృద్ధులతోడనే పోవుచున్నవి. నర్సీపట్టణపు సంతకు దిగివచ్చు ముసలివారి నడిగి, యా మాటలను వ్రాసికొనుట పాఠశాలల పండితులకు సాధ్యమైన పని. మౌద్గీన కౌద్రవీణములను బాఠము చెప్పునపుడు, ఎదుట గూర్చున్న బాలుని తాత సామలు పండించిన చేనికి దెలుగున నేమి పేరో యడిగి తెలిసికొన్నచో సూత్రమునకు నుదాహరణము దొరకును. ఆ చేనికిని జరిత్రమున జోటు గలుగును.