బడిపిల్లల ఆరోగ్యము - పంతులుగారి చూపు

బడిలో వెనుక బల్లమీద కూర్చున్న పిల్లవాడొకడు నల్లబల్లమీది అక్షరాలు చూచి వ్రాయడు. పక్కవాని పుస్తకములోనికి తొంగిచూచి వ్రాస్తాడు. పంతులుగారు రెండు మూడు సార్లు మందలిస్తారు. సంవత్సరము తిరిగేసరికి వానికి “మొద్దు” అనే పేరు స్థిరపడిపోతుంది. వానిని ఒకసారి ముందు బల్లకు మార్చి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. వానికి తెలివి తక్కువ కాదు, దూరపు చూపు తక్కువ. ఆ పిల్లవాని చదువు ఒక కళ్లజోడుమీద ఆధారపడి ఉన్నది. కళ్లజోడు వ్రాసి ఇచ్చేది వైద్యుడే. కాని వానిని వైద్యుని వద్దకు పంపవలసినవారు ఎవరు?

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. దీనికి సమాధానము వెదకడానికి ప్రపంచానికి నూరేళ్లకు పైగా పట్టినది. ఆ వెదకులాటలో మన గోదావరి సీమకు కూడా కొంత భాగము ఉన్నది.

వైద్యుడు బడికి వచ్చుట

ఇరవయ్యవ శతాబ్దము మొదలయ్యే నాటికి ఇంగ్లండు దక్షిణాఫ్రికాలో బోయర్లతో యుద్ధము చేస్తున్నది. సైన్యములో చేరడానికి వచ్చిన యువకులలో చాలామందిని శరీర దారుఢ్యము లేదని తిప్పిపంపవలసి వచ్చినది. పెద్దవారి బలహీనతకు మూలము చిన్నతనములోనే ఉన్నదని అక్కడివారు గ్రహించినారు. 1907లో చట్టము చేసి, బడిపిల్లలందరికీ వైద్య పరీక్ష జరపాలని నిర్ణయించినారు. మన దేశములో ఈ పని మొట్టమొదట 1909లో బరోడా నగరములో జరిగినది.

పరీక్ష ఒక్కటే చాలదని న్యూయార్కు నగరము అంతకుముందే చూపినది. అక్కడ వైద్యులు బడులకు వెళ్లి గజ్జి, పేలు, కంటిజబ్బు ఉన్న పిల్లలను ఏరి ఇంటికి పంపేవారు. ఇంటివద్ద చికిత్స చేసేవారు లేరు. జబ్బు తగ్గేది కాదు, పిల్లలు బడికి తిరిగి వచ్చేవారు కారు. 1902లో లీనా రోజర్స్ అనే నర్సును కొన్ని బడులలో నియమించినారు. ఆమె బడిలోనే పుండ్లు కడిగి కట్టు కట్టేది, ఇండ్లకు పోయి తల్లులకు శుభ్రత నేర్పేది. ఆ సంవత్సరము సెప్టెంబరులో జబ్బుల మూలంగా ఇంటికి పంపిన పిల్లలు పదివేలకు పైగా ఉండగా, మరుసటి సెప్టెంబరు నాటికి ఆ సంఖ్య సుమారు పదకొండు వందలకు దిగినది. రోగాన్ని కనిపెట్టడము సగము పనే. కనిపెట్టిన తరువాత పిల్లవాని వెంట ఉండే మనిషి కావాలి.

మన దేశములో అటువంటి మనిషి చాలాకాలము దొరకలేదు. దేశపు ఆరోగ్య పరిస్థితిని విచారించిన భోర్ సంఘము 1946లో ఇచ్చిన నివేదికలో, బడి ఆరోగ్య సేవలు మన దేశములో ఇంచుమించు లేనట్లే అని వ్రాసినది. ఉన్నచోట కూడా వైద్యుడు ఏడాదికి ఒకసారి వచ్చేవాడు. తక్కిన దినాలలో పిల్లలను చూచేవారు పంతులుగారే. ఆయనకు ఏమి చూడాలో చెప్పినవారు లేరు.

రాజమహేంద్రవరపు ఆడబిడ్డ

దౌలేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తి అయినది. కాలువలు వచ్చినవి, పంటలు వచ్చినవి, వాటి వెంట బడులు వచ్చినవి. 1894లో రాజమహేంద్రవరములో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఏర్పడినది. పాఠము చెప్పడము కూడా నేర్చుకోవలసిన విద్యయే అన్న భావము ఈ సీమలో అట్లా స్థిరపడినది. పిల్లవానిని పెంచడము కూడా నేర్చుకోవలసిన విద్యయే అని అందరూ ఒప్పుకోవడానికి మరికొంత కాలము పట్టినది.

ఆ పనికి దేశవ్యాప్తముగా పునాది వేసినవారిలో ఒకరు రాజమహేంద్రవరములోనే 1909 జూలై 15న పుట్టినారు. ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్. చిన్న వయస్సులోనే కాకినాడలో ఆడపిల్లలకు హిందీ బడి నడిపినారు. తరువాత మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పినారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షురాలయినారు. మరుసటి సంవత్సరము ఆ బోర్డు గ్రామాలలో సంక్షేమ విస్తరణ కేంద్రాలు తెరిచినది. ప్రతి కేంద్రములో పసిపిల్లలకు బాలవాడి, తల్లులకు ప్రసూతి సహాయము, స్త్రీలకు చేతిపనులు ఉండేవి. వీటిని నడపడానికి గ్రామసేవికలను తయారుచేయవలసి వచ్చినది. పల్లెటూరి స్త్రీకి కొంత శిక్షణ ఇస్తే పసిపిల్లల ఆరోగ్యాన్ని ఆమె చేతికి అప్పగించవచ్చునన్న నమ్మకము ఈ పథకానికి ఆధారము. నేటి అంగన్‌వాడీకి ముందుదారి వేసిన ప్రయత్నాలలో ఇది ఒకటి.

పెద్ద బడుల విషయము ఆలోచించడానికి 1960లో భారత ప్రభుత్వము శ్రీమతి రేణుకా రాయ్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించినది. 1961లో వచ్చిన ఆ నివేదిక తరువాత, ఆరోగ్య పరీక్షలో ఉపాధ్యాయుని పాత్ర స్పష్టపడసాగినది. రోగానికి పేరు పెట్టడము ఆయన పని కాదు. నిన్నటి పిల్లవానికీ నేటి పిల్లవానికీ గల తేడాను పట్టుకోవడము ఆయన పని. ఏడాదికి ఒకసారి వచ్చే వైద్యునికి నిన్నటి పిల్లవాడు తెలియడు.

కంటి పరీక్ష దీనికి మంచి ఉదాహరణ. 1862లో హాలండు వైద్యుడు స్నెల్లెన్ తయారుచేసిన అక్షరాల పటము ఖరీదైన యంత్రము కాదు. పటాన్ని వెలుతురులో వ్రేలాడదీసి, పిల్లవానిని ఆరు మీటర్ల దూరములో నిలబెట్టి, ఒక కన్ను మూసి రెండవ కంటితో చదివించాలి. మూసిన కంటిని వ్రేళ్లతో నొక్కరాదు. వ్రేళ్ల సందులనుండి చూడనీయరాదు. ఈ చిన్న జాగ్రత్తలు తెలిసిన పంతులుగారు ఒక పూటలో తరగతి అంతటినీ పరీక్షించి, అనుమానమున్న వారిని మాత్రము వైద్యుని వద్దకు పంపగలరు.

తూకపు పట్టీ, వంటగది

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చినది. విటమిన్ ఎ లోపించిన పిల్లలకు ముందుగా రేచీకటి వస్తుంది. తెల్లగుడ్డుమీద నురుగువంటి మచ్చలు కనిపిస్తాయి. అశ్రద్ధ చేస్తే నల్లగుడ్డు మెత్తబడి చూపు పోతుంది. ఆరు నెలలకు ఒకసారి పెద్ద మోతాదు విటమిన్ ఎ ఇచ్చి దీనిని ఆపవచ్చునని ఆ సంస్థ పరిశోధనలు చూపినవి. 1970లో అది జాతీయ కార్యక్రమమైనది. కాని మాపటివేళ బిడ్డ తడుముకుంటూ నడుస్తున్నాడన్న సంగతిని గమనించేవారు ఎవరు? తల్లి, ఆ తరువాత పసిపిల్లల బడి నడిపే అమ్మాయి.

1975 అక్టోబరు 2న దేశములో 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవలు మొదలైనవి. అంగన్‌వాడీ కార్యకర్తకు శిక్షణలో నేర్పే ముఖ్యమైన పనులలో ఒకటి బిడ్డను తూచి, ఆ బరువును పట్టీమీద చుక్కగా గుర్తించి, నెలనెలా ఆ చుక్కలను కలపడము. ఒక్క చుక్క చెప్పేది తక్కువ. గీత పైకి పోతున్నదా, చదునుగా ఉన్నదా, దిగుతున్నదా అన్నదే ముఖ్యము. బిడ్డ కంటికి చిక్కినట్లు కనబడకముందే గీత చదునవుతుంది. ఆరు నెలలు దాటి ఐదేండ్లలోపు ఉన్న బిడ్డ దండచేతికి చుట్టే కొలత పట్టీలో 115 మిల్లీమీటర్లకు తక్కువ వస్తే, అది తీవ్రమైన పోషకాహార లోపము. వెంటనే వైద్యము అవసరము. ఇది చదవగలిగిన కార్యకర్త చేతిలో కాగితపు పట్టీ కూడా వైద్య పరికరమే.

బడి సిబ్బంది అంటే పాఠము చెప్పేవారు మాత్రమే కారు. 2003 జనవరి నుండి మన రాష్ట్రపు ప్రభుత్వ బడులలో మధ్యాహ్నము వండిన భోజనము పెడుతున్నారు. నేడు ఆ పథకానికి కోనసీమలోని లంకల గన్నవరములో ఆకలిగొన్న వారందరికీ అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు ఉన్నది. అన్నము పెట్టే చేయి ఎంత పుణ్యమైనదో, అంత జాగ్రత్తగా ఉండవలసినది. 2013 జూలై 16న బీహారులోని గండామన్ గ్రామములో బడి భోజనము తిని 23 మంది పిల్లలు మరణించినారు. వంటలో పురుగుమందు కలిసినది. పొలము మందులు ఇంటింటా ఉండే మన డెల్టాలో ఈ సంగతి మరువరానిది. మందు డబ్బాలు నూనెకు, పప్పుకు దగ్గరగా ఉండరాదు. ఖాళీ డబ్బాను కడిగి వాడడము కూడా తగదు. పిల్లలకు వడ్డించకముందు పెద్దవారు రుచి చూడాలన్న నియమము ప్రాణాలను కాపాడడానికే ఏర్పడినది. వింత రుచి, వాసన అని వంటమనిషి చెబితే, ఆ మాటను కొట్టివేయరాదు.

బోదకాలు నేర్పిన పాఠము

గోదావరి మండలాలలో బోదకాలు చాలాకాలముగా ఉన్న వ్యాధి. దీనికి కారణము దారపుపోగువంటి పురుగు. మన శరీరములో కండల మధ్య ఊరిన నీటిని తిరిగి రక్తములోనికి చేర్చే సన్నని నాళాలు ఉన్నవి. వాటిని శోషరస నాళాలంటారు. పురుగు వాటిలో కాపురముంటుంది. దాని పిల్లలు రాత్రివేళ రక్తములో తిరుగుతాయి. వాటిని 1872లో కలకత్తాలో లూయిస్ అనే వైద్యుడు మనిషి రక్తములో చూచినాడు. 1877లో చైనాలోని ఆమోయి రేవులో మాన్సన్, అవి దోమలో పెరుగుతాయని కనిపెట్టినాడు. మురుగునీటిలో పుట్టే క్యూలెక్స్ దోమ మన ప్రాంతములో దీనిని వ్యాపింపజేస్తుంది.

1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలైనది. సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి దేశములో ఏర్పడిన మూడు ప్రాంతీయ కేంద్రాలు కోళిక్కోడు, వారణాసి, రాజమహేంద్రవరములలో ఉన్నవి. వ్యాధి ఉన్న చోటనే శిక్షణ ఉండడము సమంజసము. ఇక్కడ శిక్షణ పొందేవారికి రోగి, దోమ, మురుగుకాలువ అన్నీ కండ్లయెదుటనే ఉంటవి.

2004 నుండి ఏడాదికి ఒకసారి అందరికీ మందు ఇచ్చే పద్ధతి వచ్చినది. రెండేండ్లు దాటినవారు వయస్సును బట్టి డైఇథైల్ కార్బమజైన్ మాత్రలు, వాటితో ఒక ఆల్బెండజోల్ మాత్ర మింగాలి. గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరాదు. పరగడుపున మింగరాదు. పెద్ద పురుగు ఏండ్ల తరబడి బ్రతుకుతుంది కనుక, మందును కూడా ఏటేటా కొన్నేండ్లు వరుసగా వాడాలి.

ఇక్కడే శిక్షణ విలువ తెలుస్తుంది. రక్తములో పురుగు పిల్లలు ఉన్నవారికి మాత్ర మింగిన తరువాత కొద్దిపాటి జ్వరము, తలనొప్పి, వాంతి రావచ్చును. చచ్చిన పురుగుల వలన కలిగే బాధ అది. సాధారణముగా ఒకటి రెండు రోజులలో పోతుంది. ఈ సంగతి ముందుగా తెలియకపోతే ఏమవుతుంది? ఒక పిల్లవానికి జ్వరము వచ్చినదన్న మాట సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. మరునాడు ఇచ్చిన మాత్రలు గోడ అవతల పడతాయి. ముందే నేర్చుకున్న పంతులుగారు, “జ్వరము రావచ్చును, ఎందుకు వస్తుందో ఇది, వస్తే ఇట్లా చేయండి” అని మాత్ర ఇవ్వకముందే చెబుతారు. ఆ మాటతో భయము పోతుంది, మందు కడుపులోనికి పోతుంది. ఒకటే మాత్ర, ఒకటే ఊరు. తేడా అంతా చెప్పిన మాటలో ఉన్నది.

మనస్సు కూడా ఆరోగ్యములో భాగమే

2020 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ క్రింద బడుల ఆరోగ్య కార్యక్రమమును ప్రారంభించినది. ప్రతి బడినుండి ఇద్దరు ఉపాధ్యాయులను, వీలైనంతవరకు ఒక పురుషుని, ఒక స్త్రీని, ఎన్నుకొని శిక్షణ ఇవ్వాలన్నది దాని పద్ధతి. బోధించవలసిన 11 అంశాలలో పోషకాహారము, శుభ్రత మాత్రమే కాదు. మనస్సు కుదురు, మత్తుపదార్థాల నివారణ, హింసనుండి రక్షణ, ఇంటర్నెట్టును జాగ్రత్తగా వాడడము కూడా చేరినవి. నవ్వే పిల్ల నాలుగు వారాలుగా ఎవరితోను మాట్లాడకపోవడము కూడా తూకపు గీత చదునగుటవంటిదే. దానిని అడిగి తెలుసుకోవాలి.

శిక్షణ కొత్త విషయాలు నేర్పడముతోపాటు పాత పొరపాట్లను మాన్పించాలి. మూర్ఛ వచ్చిన పిల్లవాని చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టడము మనకు తెలిసిన అలవాటు. ఇనుము వలన మూర్ఛ ఆగదు; చాలా మూర్ఛలు కొద్ది నిమిషాలలో వాటంతట అవే ఆగుతాయి కనుక గొప్ప ఇనుముకు దక్కినది. చేయవలసినది వేరు. దగ్గరనున్న బల్లలు తొలగించాలి, తలక్రింద మెత్తనిది పెట్టాలి, కుదుపులు తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోటిలో ఏమీ పెట్టరాదు. గడియారము చూడాలి. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకుపోవాలి. తెలివి వచ్చిన తరువాత ఆ పిల్లవాడు మొదట చూచేది తోటివారి ముఖాలనే. ఆ ముఖాలలో వెక్కిరింత లేకుండా చేయడము కూడా పంతులుగారి చికిత్సలో భాగమే.

మొదట చెప్పుకొన్న పిల్లవాని వద్దకు మరల వద్దాము. వానిని వైద్యుని వద్దకు పంపవలసినది రోజూ చూచేవారే. చరిత్ర ఇచ్చిన సమాధానము ఇది. కాని రోజూ చూచినంత మాత్రాన కనబడదు. ఏమి చూడాలో ఒకరు నేర్పాలి. ఉపాధ్యాయులు ఈ వారములోనే ఒక పని చేయవచ్చును. తరగతిలో “మొద్దు” అని పేరుపడిన వానిని ఆరు మీటర్ల దూరములో నిలబెట్టి, ఒక్కొక్క కంటితో చదివించి చూడండి. పేరు మార్చవలసి రావచ్చును.