ఆటగాడు, కార్యదర్శి, మేనేజరు: జాన్ కామెరాన్

కప్పు గెలిచిన జట్టును లోకం జ్ఞాపకముంచుకొంటుంది. గోలు కొట్టిన వానిని కొంతకాలం కొనియాడుతుంది. ఆటగాని హక్కుల కొరకు తొలినాళ్ళలో పాటుపడిన వానిని మాత్రం త్వరగా మరచిపోతుంది. స్కాట్లండు దేశీయుడైన జాన్ కామెరాన్ ఈ మూడు పనులూ చేసినవాడు. అందుచేతనే ఆయన జీవితం మనము పరిశీలింపదగినదని మేము తలచుచున్నాము.

కామెరాన్ 1872లో స్కాట్లండు పడమటి తీరమందలి ఎయిర్ పట్టణంలో జన్మించినాడు. గ్లాస్గోలోని క్వీన్స్ పార్క్ క్లబ్బులో ఆడి పేరు తెచ్చుకొన్నాడు. ఆటకు జీతం పుచ్చుకొనుట తగదని ఆ క్లబ్బువారి నియమం. 1895లో ఆయన ఇంగ్లండు వెళ్ళి, లివర్‌పూల్ నగరంలోని ఎవర్టన్ క్లబ్బులో చేరినాడు. అక్కడ కూడ మొదట జీతం తీసుకొనక, కునార్డ్ ఓడల కంపెనీలో ఉద్యోగం చేసికొంటూ ఆడినాడు. తోటివారందరూ ఆటనే నమ్ముకొని బ్రతుకువారు. తమ నడుమ జీతం లేని ఆటగాడు ఉండుట వారికి రుచించలేదు. తుదకు కామెరాన్ కూడ జీతగాడైనాడు. 1896లో ఐర్లండుతో జరిగిన పోటీలో స్వదేశం పక్షాన ఒకేఒక్కసారి ఆడినాడు.

ఆనాటి ఆటగాండ్ర స్థితిని ఇక్కడ కొంత వివరించవలసి ఉన్నది. ఫుట్‌బాల్ లీగునందలి ఒక క్లబ్బు ఆటగాని పేరు నమోదు చేసికొన్న పిమ్మట, ఒడంబడిక గడువు తీరినను, ఆ క్లబ్బు అనుమతి లేనిదే అతడు లీగులోని మరొక క్లబ్బుకు పోరాదు. పోవలెనన్న కొత్త క్లబ్బు పాత క్లబ్బుకు సొమ్ము చెల్లించవలెను. గడువు తీరిన పాలేరైనా వేరొక కామందును వెదకుకొనగలడు. వేలకొలది జనం చప్పట్లు అందుకొనే ఈ ఆటగానికి ఆపాటి వెసులుబాటు లేదు.

ఈ కట్టడిని సడలింపజేయుటకు 1898లో కొందరు ఆటగాండ్రు కలిసి ఒక సంఘం స్థాపించినారు. కామెరాన్ దానికి మొదటి కార్యదర్శి. క్లబ్బు మారునప్పుడు తమ మాట కూడ చెల్లవలెనన్నది వారి ముఖ్యమైన కోరిక. అయితే క్లబ్బుల బలం ముందు ఆ సంఘం నిలువలేకపోయినది.

అదే ఏట కామెరాన్ ఎవర్టన్‌ను విడిచి, లండన్ ఉత్తర భాగమందలి టాటెన్‌హామ్ హాట్‌స్పర్ క్లబ్బులో చేరినాడు. ఈ క్లబ్బు ఫుట్‌బాల్ లీగులోనిది కాదు, సదరన్ లీగు అను వేరొక కూటమికి చెందినది. ఫుట్‌బాల్ లీగు నిబంధన ఆ లీగు సరిహద్దుల వరకే చెల్లుబాటు. సదరన్ లీగు క్లబ్బు పిలిచినచో ఆటగాడు సొమ్ము కట్టించకయే వెళ్ళవచ్చును. సంఘం తరఫున కామెరాన్ ఏ స్వేచ్ఛను అడిగినాడో, ఆ స్వేచ్ఛ ఈ సందులో కొంత దొరికినది.

1899 ఆరంభంలో క్లబ్బు మేనేజరు వేరొకచోటికి వెళ్ళగా, ఆ భారం కామెరాన్‌పై పడినది. అప్పటికాయనకు 27 ఏండ్లైనా నిండలేదు. ఆటగాడు, మేనేజరు, కార్యదర్శి ఆయనే. స్కాట్లండు, వేల్సు, ఐర్లండు, ఇంగ్లండు దేశాల ఆటగాండ్రను ఆయన ఒకచోట చేర్చినాడు. ఆ ఏడే క్లబ్బు కొత్త మైదానానికి మారినది. 1900లో సదరన్ లీగు విజేతగా నిలిచినది.

1901లో ఆ జట్టు ఎఫ్.ఏ. కప్పు తుదిపోటీకి చేరినది. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ మైదానంలో లక్షా పదివేలకు పైబడిన జనం మూగినారు. ప్రత్యర్థి ఫుట్‌బాల్ లీగు వారి షెఫీల్డ్ యునైటెడ్. ఆ జట్టు రెండవ గోలు వివాదాస్పదమైనది. బంతి గీత దాటలేదని టాటెన్‌హామ్ వారు మొరపెట్టుకొన్నను రిఫరీ గోలు ఇచ్చినాడు. ఆట 2–2తో సమమైనది. వారం తరువాత బోల్టన్ పట్టణంలో మళ్ళీ ఆడినారు. ఈసారి జనం సుమారు 20 వేలే. షెఫీల్డ్ మొదట గోలు చేసినది. దానిని సమం చేసిన గోలు స్వయంగా కామెరాన్‌ది. పిదప స్మిత్, బ్రౌన్ చెరియొకటి చేయగా టాటెన్‌హామ్ 3–1తో గెలిచినది. 1888లో ఫుట్‌బాల్ లీగు ఏర్పడిన తరువాత, ఆ లీగులో లేని క్లబ్బు ఈ కప్పు గెలుచుట అదొక్కసారే జరిగినది.

అయితే ఆ 1901వ సంవత్సరమే ఆటగాండ్ర సంఘానికి ఆఖరు సంవత్సరమైనది. వారానికి నాలుగు పౌనులకు మించి జీతం ఈయరాదను నిబంధన కూడ ఆ ఏటనే అమలులోకి వచ్చినది. కామెరాన్ ఒక చేత కప్పునందుకొన్నాడు, రెండవ చేతినుండి సంఘం జారిపోయినది. ఆయన ఘనతను ఎంచునప్పుడు ఈ రెండింటినీ కలిపి చూడవలెనని మా అభిప్రాయం.

1907లో ఆయన టాటెన్‌హామ్ ఉద్యోగం వదలుకొన్నాడు. తరువాత జర్మనీ వెళ్ళి డ్రెస్డెన్ నగరంలో ఆట నేర్పినాడు. 1914లో యుద్ధం రాగా, జర్మనీలోని బ్రిటిషు పౌరులను బెర్లిన్ దగ్గరి రూలేబెన్ గుర్రపు పందెముల మైదానంలో నిర్బంధించినారు. గుర్రపు సాలలే వారికి నివాసాలు. కామెరాన్ కూడ అక్కడ బందీ. ఆ చెరలోనే బందీలు ఫుట్‌బాల్ సంఘం పెట్టుకొన్నారు. దానికీ కార్యదర్శి కామెరానే! యుద్ధానంతరం స్వస్థలంలోని ఎయిర్ యునైటెడ్ క్లబ్బుకు కొద్దికాలం మేనేజరుగా ఉన్నాడు. 1935లో మరణించినాడు.

ఆయన అడిగినది ఆయన కాలంలో దక్కలేదు. 1907లో మాంచెస్టరులో కొత్త సంఘం పుట్టి నిలద్రొక్కుకొన్నది. జీతాల పరిమితి 1961లో తొలగినది. గడువు తీరిన ఆటగానిని అట్టిపెట్టుకొనే పద్ధతి అన్యాయమని 1963లో ఇంగ్లండు న్యాయస్థానం తీర్పు చెప్పినది. ఐరోపా దేశాల నడుమ అట్టి ఆటగాడు సొమ్ము కట్టించకయే మారవచ్చునని 1995లో ఐరోపా న్యాయస్థానం నిర్ణయించినది. తొలి సంఘం పుట్టిన నాటినుండి ఇందుకు 97 ఏండ్లు పట్టినవి. నేటి ఆటగాడు కోరిన క్లబ్బుతో ఒడంబడిక చేసికొనునప్పుడు, ఆ హక్కు కొరకు మొదట లేఖలు వ్రాసిన ఎయిర్ పట్టణపు కార్యదర్శిని తలచుకొనుట న్యాయం.