సీబీడీ నూనె: ఫిట్స్‌కు మందా, గంజాయేనా?

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పత్తి, కంది చేలల్లో అంతరపంటగా గంజాయి దొరికిందన్న వార్త కొత్తది కాదు. అదే మొక్క నుంచి తీసిన నూనె పిల్లల ఫిట్స్‌కు, మోకాళ్ల నొప్పులకు, నిద్రకు పనిచేస్తుందని ఇప్పుడు ఫోన్లలో ప్రకటనలు వస్తున్నాయి. ఈ రెండూ ఒకటి కావు. అలాగని పూర్తిగా వేరూ కావు.

గంజాయిలో మత్తు ఎక్కించేది టీహెచ్‌సీ. కన్నబిడియోల్, అంటే సీబీడీ, మత్తు ఇవ్వదు. దానికి బానిసలయ్యే లక్షణం కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ 2018లో చెప్పింది. ఇక మొక్క సంగతంటే, యునానీ హకీంలకు అది ‘ఖిన్నబ్’ పేరుతో పాతదే. 1839 ప్రాంతంలో కలకత్తా మెడికల్ కాలేజీ డాక్టర్ ఓషాగ్నెసీ దాన్ని ధనుర్వాతానికి, పసిపిల్లల మూర్ఛకు వాడి చూశాడు.

గట్టి రుజువు ఉన్నది మాత్రం కొన్ని అరుదైన మూర్ఛలకే. డ్రావే సిండ్రోమ్ ఉన్న 120 మందిపై జరిగిన పరీక్ష 2017లో అచ్చయింది. సీబీడీ తీసుకున్నవారిలో నెలకు 12.4గా ఉన్న ఫిట్స్ 5.9కి తగ్గాయి, ఉత్త మందు తీసుకున్నవారిలో 14.9 నుంచి 14.1కే. 2018లో అమెరికా ఔషధ సంస్థ ఎపిడియోలెక్స్ అనే సిరప్‌ను డ్రావే, లెనాక్స్-గాస్టో సిండ్రోమ్‌లకు అనుమతించింది. నొప్పులు, నిద్రలేమి, షుగర్, క్యాన్సర్‌లకు ఇంత రుజువు లేదు.

మోతాదు దగ్గరే చాలామంది మోసపోతారు. 20 కిలోల పిల్లవాడికి ఆ సిరప్ మొదలుపెట్టేదే రోజుకు 100 మి.గ్రా.తో. 500 మి.గ్రా. అని రాసిన సీసా ఐదు రోజులకు వస్తుందన్నమాట. రోజుకు నాలుగు చుక్కలతో ఫిట్స్ ఆగుతాయనడం వ్యాపారం మాటే. అమెరికాలో ఆన్‌లైన్‌లో కొన్న 84 సీసాలను పరీక్షిస్తే లేబుల్ సరిగా ఉన్నవి 26 మాత్రమే, 18 వాటిలో టీహెచ్‌సీ కూడా దొరికింది.

మగత, విరేచనాలు, ఆకలి తగ్గడం మామూలుగా కనిపించే దుష్ప్రభావాలు. కాలేయం ఎంజైములు పెరగొచ్చు. మన దగ్గర ఫిట్స్‌కు ఎక్కువగా రాసే వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే ఆ ముప్పు ఎక్కువ. క్లోబజామ్‌తో మగత పెరుగుతుంది, రక్తం పలచబరిచే వార్ఫరిన్ ప్రభావమూ మారుతుంది. నూనె మొదలుపెట్టి ఉన్న గోలీలు ఆపేస్తే ఆగని ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. పరీక్షల్లో కూడా సీబీడీని పాత మందులకు తోడుగానే ఇచ్చారు. అందుకే ముందు ఆదిలాబాద్ రిమ్స్‌లోనో, హైదరాబాద్ నిమ్స్ న్యూరాలజీలోనో చూపించి, కాలేయ పరీక్ష చేయించాలి.

హలాల్ విషయం అడిగేవారికి ఒక వివరం: ఎపిడియోలెక్స్‌లో నువ్వుల నూనెతో పాటు మిల్లీలీటరుకు 79 మి.గ్రా. ఆల్కహాల్ ఉంటుంది. ముఫ్తీ సాబ్‌ను అడిగేటప్పుడు ఇదీ, డాక్టరు చీటీ చూపించి అడగడం మంచిది.

చట్టం సంగతి. 1985 ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం పూత, కాయలున్న కొసలు గంజాయి; కొసలు లేని ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. ఆకుతో చేసిన ఆయుర్వేద మందులు ‘విజయ’ పేరుతో, డాక్టరు పర్యవేక్షణలో వాడాల్సినవిగా అమ్ముతున్నారు. కాని గల్ఫ్‌కు వెళ్లే కరీంనగర్ బిడ్డలు జాగ్రత్త: యూఏఈలో సీబీడీ నిషిద్ధం, ఇక్కడి చీటీ ఉంది కదా అని సామానులో సీసా పెట్టుకుంటే దుబాయ్ ఎయిర్‌పోర్టులోనే కేసవుతుంది.