ఏం పట్టింది? కాదు, ఏం జరిగింది?

మన నెల్లూరు తీరంలో, మైపాడు అయినా తుమ్మలపెంట అయినా, ఓ పిల్ల ఉన్నట్టుండి గొంతు మార్చి మాట్లాడి, తర్వాత నాకేమీ గుర్తులేదంటే "ఏదో పట్టింది" అంటారు. ఏ.ఎస్.పేట దర్గాకో, భూతవైద్యుడి దగ్గరికో తీసుకెళ్తారు. అంతకుముందు ఆ పిల్లకి ఏం జరిగిందని మాత్రం అడిగేవాళ్లు తక్కువ. ఇవాళ ఆ ప్రశ్న ఎక్కడ మొదలైందో చూద్దాం.

1880లలో ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ కూడా ఇలాంటి సముద్రపు ఒడ్డు ఊరే. అక్కడ ఫిలాసఫీ చెప్పే పియర్ జానే దగ్గరికి మారీ అనే అమ్మాయి వచ్చింది. ఎడమ కన్ను పుట్టుగుడ్డి అంది. హిప్నాసిస్‌లో అసలు సంగతి బయటపడింది. ఆరేళ్లప్పుడు, ముఖం ఎడమవైపంతా పుండ్లున్న పిల్ల పక్కన ఆమెను బలవంతంగా పడుకోబెట్టారు. భరించలేని అనుభవం మనసులో మిగతావాటితో కలవక విడిగా ఉండిపోతుందని జానే 1889లో రాశాడు. అదే డిసోసియేషన్.

1980లో అమెరికా మానసిక వైద్యులు దీన్ని మల్టిపుల్ పర్సనాలిటీ డిజార్డర్‌గా గుర్తించారు. 1994లో డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అని పేరు మార్చారు. 2013లో "పూనడం" రూపంలోనూ ఇది రావచ్చన్నారు. అయితే జాతరలో పూనకం జబ్బు కాదు. అది ఆచారం.

మరి తుఫాను భయంతో ఇది వస్తుందా? 1989 కావలి తుఫాను, 2004 సునామీ మన పిల్లల్ని వణికించాయి, నిజమే. కానీ ఇది ఎక్కువగా చిన్న వయసులో, మళ్లీ మళ్లీ జరిగిన హింసతో ముడిపడి ఉంటుంది. కాపాడాల్సినవాళ్లే కొడుతుంటే, చెయ్యి వేస్తుంటే పిల్ల ఎక్కడికి పారిపోతుంది? ఇది నాకు కాదు, ఇంకెవరికో జరుగుతోంది అనుకుంటుంది. థెరపిస్టుల ప్రభావం, సినిమాల ప్రభావమే ఎక్కువనే పరిశోధకులూ ఉన్నారు. కానీ పిల్లల మీద హింస మాత్రం కల్పన కాదు. 2007లో కేంద్ర ప్రభుత్వ సర్వేలో 53 శాతం పిల్లలు ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి.

2005లో వచ్చిన "అపరిచితుడు"లో చూపించినట్టు ఇది హత్యల కథ కాదండీ. చాలామందిలో మతిమరుపుగా, మౌనంగా దాగి ఉంటుంది. దీన్ని పోగొట్టే మాత్ర లేదు. నమ్మకం కుదిరిన వైద్యుడితో ఏళ్ల తరబడి మాట్లాడాలి.

మీ వీధిలో ఎవరికైనా "పట్టింది" అంటే కొట్టనివ్వకండి, పొగ వేయనివ్వకండి. పక్కన కూర్చొని "ఏం జరిగిందమ్మా?" అని అడగండి. పిల్లల ఆపదకు 1098, మనసు బాధకు 14416. మళ్లీ కలుద్దాం.