మన్యంలో విహారకాలం: అరకు లోయ చరిత్ర నుంచి

విశాఖపట్నానికి వాయవ్యంగా, తూర్పు కనుమల్లో సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయకు విహారయాత్ర తలపెట్టేవారు నేడు సాధారణంగా దసరా మొదలు సంక్రాంతి దాకా ఉండే నెలలనే ఎంచుకుంటారు. వలిసె చేలు పసుపుపచ్చగా విరగబూసేదీ, తెల్లవారుజామున మంచు లోయను కమ్మేదీ అప్పుడే కనుక ఈ ఎంపిక అనాదిగా ఉన్నదేనని అనిపించవచ్చు. నిజానికి ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో మైదానాల నుంచి కొండెక్కవలసిన ఉద్యోగులు, వ్యాపారులు ఎక్కువగా భయపడినది ఈ నెలలకే.

ఆ భయానికి కారణం మన్యం జ్వరం, అంటే మలేరియా. ఈ కొండల్లో వ్యాధిని వ్యాపింపజేసే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే దోమ మురికిగుంటల్లో కాక, గట్లమీది గడ్డి నీటిని తాకుతూ ఉండే తేటనీటి సెలయేళ్లలో పెరుగుతుంది. నడివానల్లో ఉరవడికి దాని పిల్లపురుగులు కొట్టుకుపోతాయి. వానలు వెనుకబట్టి, గెడ్డలు సన్నగా, నిలకడగా పారే కాలంలో దోమ విజృంభించి, చలికాలమంతా జ్వరాలను నిలుపుతుంది. దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధాన్ని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో కనుగొనేవరకు కొండగాలి, కొండనీరే ఈ రోగానికి మూలమని నమ్మేవారు. కారణం తెలియకపోయినా కాలం తెలుసు గనుక, తీరం నుంచి ఎద్దుల మీద ఉప్పు పెరికెలు వేసుకుని జయపురం, బస్తరుల వైపు సాగిన లంబాడీ బిడారులు కనుమదారులు ఆరిన తరువాతే కదిలేవి.

1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను మామూలు న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును ‘గవర్నరు ఏజెంటు’ హోదాలో వాటిపై అధికారిని చేసింది. మన్యానికి ఏజెన్సీ అనే రెండో పేరు ఇలా వచ్చింది. మద్రాసు ప్రభుత్వం 1870 నుంచి వేసవి విడిదిని ఉదకమండలానికి మార్చుకుని, అక్కడ బంగళాలు, ఉద్యానాలు, కొండరైలు పెంపొందించుకున్నది గానీ మన్యం వైపు ఆ చూపు పడలేదు. రెండువేల మీటర్లు దాటిన నీలగిరి శిఖరాల మీద దోమ బెడద తక్కువ; అరకుకు ఆ ఎత్తు లేదు, పైగా దారీ లేదు. దారి వేయబూనిన చోట ఏమి జరిగిందో గూడెం కొండల చరిత్ర చెబుతుంది: నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన రోడ్డుపనిలో తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి వెట్టి చేయించడం 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మొదలైన తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఒకటి. నేడు గంటల్లో దాటే ఘాట్ రోడ్లను మెచ్చుకునేవారికి ఈ సంగతి అరుదుగా గుర్తుంటుంది.

ప్రయాణకాలం తిరగబడటానికి రెండు పరిణామాలు దోహదం చేశాయి. 1953లో మొదలై 1958లో నిర్మూలన కార్యక్రమంగా మారిన జాతీయ మలేరియా పథకం, ఇళ్ల గోడలపై డీడీటీ చల్లించి జ్వరాల ఉధృతిని తగ్గించింది. తరువాత, బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం నిర్మితమైంది. 58 సొరంగాలతో కనుమలెక్కి, సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడను చేరే ఈ మార్గం ఖనిజం కోసం పుట్టినదే తప్ప విహారం కోసం కాదు. దాని వెంట నడిచిన ఒకే ఒక పాసింజరు బండి అరకును సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెను 2017లో దానికి చేర్చారు.

ఆ దారిలోనే ఉన్న బొర్రా గుహలను 1807లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ కనుగొన్నాడని పర్యాటక పత్రాలు తరచూ రాస్తాయి. ఆ సంస్థ 1851లో గాని ఏర్పడలేదు కనుక ఈ కథనం నిలవదు. గుహలోని లింగానికి చుట్టుపక్కల గ్రామాలవారు పూజలు చేస్తూ ఉండగా ‘కనుగొనడం’ అన్న మాట ఎలాగూ అతకదు. బొర్రాకు సంబంధించిన అసలైన చారిత్రక ఘట్టం 1997 నాటి సమత తీర్పు. అనంతగిరి మండలంలో, బొర్రా అడవిలో ఇచ్చిన గనుల లీజులపై వచ్చిన ఆ వ్యాజ్యంలో, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించే 1/70 నిబంధనతో కలిసి ఈ తీర్పు, అరకు మరో ఉదకమండలం కాకుండా ఆపిన ప్రధాన శక్తి అనవచ్చు.

కాబట్టి ఇక్కడ సందర్శకుల కాలం నేటికీ పంటల కాలానికి లోబడే నడుస్తుంది. నూనెగింజల కోసం వానాకాలపు రెండో సగంలో చల్లిన వలిసెలు కార్తీకంలో పూస్తాయి. చేలో దిగి ఫొటోలు తీసుకునేవారి నుంచి కొందరు రైతులు చిన్న రుసుము వసూలు చేయడం ఇటీవలి ఆచారం. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల నడుమ పెరిగే కాఫీ పండ్ల కోత నవంబరు నుంచి సాగుతుంది, అంటే అతిథుల రద్దీ, ఇంటిల్లిపాది పనిరద్దీ ఒక్కసారే వస్తాయి. ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. చైత్రంలో ఇటుకల పండుగ రోజుల్లో మగవారు వేటకు వెళ్లగా, ఆడవారు దారికడ్డంగా కర్ర కట్టి వచ్చేపోయే వాహనాలవారిని పండుగ కానుక అడుగుతారు. ఆచారం తెలియని ప్రయాణికులు దీన్ని బెదిరింపుగా పొరబడుతుంటారు. శ్రావణ భాద్రపదాల్లో జలపాతాలు నిండుగా దూకినా, కొండచరియలు విరిగిపడి రైలు, రోడ్డు నిలిచిపోయే అవకాశం ఉన్నందున ఆ నెలల్లో వెళ్లదలచినవారు ఒకటి రెండు రోజులు అదనంగా చేతిలో ఉంచుకోవాలి. మలేరియా తగ్గిందే గాని పోలేదు. మన్యం గ్రామాల్లో ఇళ్లకు దోమల మందు పిచికారీ చేసే పని నేటికీ కొనసాగుతున్నది.